ఒక గ్రంథము, అనేక మండలులు

గుంటూరు ప్రాంతమున క్రైస్తవ కుటుంబములో జన్మించిన శిశువు తఱచుగా లూథరను సంఘమునకు చెందియుండును. కొలది నెలల ప్రాయముననే పాదిరి వాని తలపై నీరు చిలకరించి బాప్తిస్మ మిచ్చును. అచ్చటికి దక్షిణముగా ఒంగోలు సీమలో జన్మించిన శిశువు బాప్తిస్టు సంఘమున పెరుగును. వాడు పెద్దవాడై తన విశ్వాసమును తన నోట ఒప్పుకొను వఱకు వానికి బాప్తిస్మము లేదు, ఒప్పుకొనిన పిమ్మట నిండు నీటిలో ముంచియే దానిని ఒసగుదురు. బందరు ప్రాంతపు క్రైస్తవుని పూర్వులు ఆంగ్లికను పాదిరుల వలన, మెదకు ప్రాంతపు వాని పూర్వులు మెథడిస్టు పాదిరుల వలన సువార్త వినినవారు. వీరందఱు చదువునది ఒక్కటే తెలుగు బైబిలు, మ్రొక్కునది ఒక్కనికే. ఇట్టిచో మీలో ఇన్ని శాఖలేల యని ఇరుగుపొరుగువారు అడిగినపుడు క్రైస్తవుడు తడబడుట సహజము. ఏలయన ఆ ప్రశ్నకు ఉత్తరము ఒక వాక్యములో ఇముడునది కాదు, పదునాఱు శతాబ్దుల చరిత్రలో పరచుకొని యున్నది.

ఈ శాఖలన్నియు అహంకారము నుండియు ద్వేషము నుండియు పుట్టినవి యనువారు కలరు. తమ శాఖ మాత్రము కేవల సత్యనిష్ఠ నుండి పుట్టినదని చెప్పుకొనువారును కలరు. ఈ రెండు మాటలును చరిత్రకు న్యాయము చేయవు. విత్తనము నాటినది పెక్కుచోట్ల అంతఃకరణమే. కాని ఆ మొలకను మానుగా పెంచినవి భాష, సింహాసనము, సముద్రము అను మూడు శక్తులు. ఈ మూడింటిని వేఱువేఱుగా చూచినగాని శాఖాభేదముల మర్మము బోధపడదు.

మొదటిది భాష. క్రీ. శ. 325లో కాన్‌స్టంటైను చక్రవర్తి నైకియా పట్టణమున బిషప్పుల మహాసభను కూర్చెను. దైవకుమారుడు సృష్టింపబడినవాడని బోధించిన అలెగ్జాండ్రియా గురువు ఏరియసు మతమును ఆ సభ త్రోసిపుచ్చి, కుమారుడు తండ్రితో ఏకతత్త్వము గలవాడని నిర్ణయించెను. తరువాతి దశాబ్దములలో ఏకతత్త్వమనుటకు వెఱచి, సదృశతత్త్వమనిన చాలునని వాదించినవారు బయలుదేరిరి. గ్రీకు భాషలో ఈ రెండు మాటలకు నడుమ గల భేదమంతయు అయోటా యను ఒక్క అక్షరమే. ఒక అక్షరమునకై ఇంత కలహమా యని నవ్వుట సులభము. కాని తాము ఆరాధించునది దేవునినా, దేవునిచే సృష్టింపబడినవానినా యను ప్రశ్న ఆ అక్షరము మీదనే నిలిచి యుండెను గనుక, వారికి అది ప్రాణసమమైన విషయమయ్యెను.

451లో చాల్సెడను సభ క్రీస్తు ఒక్క వ్యక్తి యనియు, ఆయన యందు దివ్య మానవ స్వభావములు రెండును కలవనియు తీర్మానించెను. ఐగుప్తు, సిరియా దేశములలో పెక్కుమంది దీనిని అంగీకరింపలేదు. ఐక్యమైన ఒక్క స్వభావమే యనుట తమ పెద్దల బోధ యని వారు పట్టుబట్టిరి. గ్రీకులో 'స్వభావము' అను మాటను ఒకరు ఒక అర్థమున, వేఱొకరు వేఱొక అర్థమున వాడుచుండిరి. ఆ మాట సిరియాక్కు లోనికి పోయినపుడు చిక్కు మఱింత బిగిసెను. దానికితోడు ఐగుప్తు పల్లెలలో మాటలాడునది కోప్టు భాష, రాజధాని నుండి వచ్చు ఆజ్ఞలు గ్రీకు భాష. చక్రవర్తి పంపిన పాత్రియార్కును, అనగా ప్రధాన బిషప్పును, ఆ జనులు తమవానిగా ఎంచలేదు. ఆర్మేనియనుల సంగతి మఱియు విచిత్రము. సభ జరిగిన ఆ సంవత్సరముననే వారు అవరాయిరు రణరంగమున తమ మతరక్షణకై పారసీక సేనలతో పోరాడిరి. సభలో లేనివారు సభా నిర్ణయమును తరువాతి కాలమున నిరాకరించి వేఱైపోయిరి. 1973లో రోము పోపు ఆఱవ పౌలును, కోప్టు పోపు మూడవ షెనూదాయును కలిసికొని, క్రీస్తును గూర్చి తమ విశ్వాసమును ఉమ్మడిగా ప్రకటించిరి. పదునైదు శతాబ్దుల వియోగమునకు కారణము చాలవఱకు మాటల చిక్కేనని గ్రహించుటకు అంతకాలము పట్టెను.

లాటినుకును గ్రీకునకును నడుమ ఏర్పడిన అగాధమును ఇట్టిదే. పరిశుద్ధాత్మ తండ్రి నుండి బయలుదేరుననునది పూర్వ విశ్వాసప్రమాణము. దానికి 'కుమారుని నుండియు' అను అర్థమిచ్చు ఒక్క మాటను పాశ్చాత్యులు చేర్చిరి. తమ్ము సంప్రతింపక చేర్చిరని ప్రాచ్యులు కోపించిరి. ప్రభుభోజనమున వాడు రొట్టె పులిసినదై యుండవలెనా, పులియనిదై యుండవలెనా యను వాదమును, పోపు అధికారము ఎంతవఱకు అను వాదమును తోడయ్యెను. 1054 జూలై 16న పోపు ప్రతినిధి హంబర్టు కాన్‌స్టాంటినోపులులోని హాగియా సోఫియా దేవాలయమున బలిపీఠముపై బహిష్కార పత్రము నుంచి వెడలిపోయెను. ఆతనిని పంపిన పోపు అప్పటికే మరణించి దాదాపు మూడు మాసములు గడచినవి! అయినను జనసామాన్యమున ఆ ఎడబాటు స్థిరపడినది ఆ పత్రము వలన కాదు; 1204లో పాశ్చాత్య క్రైస్తవ సైనికులే ఆ నగరమును కొల్లగొని, దేవాలయములను దోచినపుడు. పండితుల వాదము కాలక్రమమున చల్లారును; దోచబడిన ఇంటివాని జ్ఞాపకము చల్లారదు.

రెండవది సింహాసనము. 1517లో మార్టిను లూథరు పాపపరిహార పత్రముల విక్రయమును ఖండించుచు 95 సూత్రములను ప్రకటించినపుడు క్రొత్త సంఘమును స్థాపింపవలెనను సంకల్పము ఆతనికి లేదు. ఉన్న సంఘమును సంస్కరింపవలెననియే కోరెను. కాని విశ్వాస విషయమున తుదితీర్పు పోపుదియు సభలదియు కాదు, గ్రంథముదే యని ఆతడు నిలిచినపుడు, ఆ గ్రంథమునకు అర్థము చెప్పువా రెవరను ప్రశ్న వెంటనే పుట్టెను. 1522లో ఆతని జర్మను క్రొత్త నిబంధన అచ్చుయంత్రము నుండి వెలువడెను. గ్రంథము సామాన్యుని చేతికి వచ్చినది, భిన్నార్థములును దానితోడనే వచ్చినవి.

ఆ భిన్నార్థములు ఎంత సన్నని దారముపై నిలిచినవో తెలియవలెనన్నచో 1529 అక్టోబరులో మార్బర్గు కోటలోనికి తొంగిచూడవలెను. హెస్సె ప్రభువు ఫిలిప్పు, సంస్కరణ పక్షములు ఏకమైనగాని పవిత్ర రోమను చక్రవర్తికి ఎదురు నిలువలేవని ఎఱిగినవాడై, లూథరును, జూరిచ్చు సంస్కర్త జ్వింగ్లీని తన కోటకు రప్పించెను. ప్రభుభోజనపు రొట్టెలో క్రీస్తు శరీరము నిజముగా ఉన్నదా, లేక రొట్టె ఆ శరీరమునకు గుర్తు మాత్రమేనా యనునది వివాదము. లూథరు కూర్చుండగనే సుద్దముక్క తీసికొని, ఇది నా శరీరమను అర్థము గల క్రీస్తు వాక్యమును లాటినున బల్లపై వ్రాసి, దానిపై మకమలు గుడ్డ కప్పెను. వాదమున గ్రంథప్రమాణము చూపుమని అడిగినపుడు గుడ్డ తొలగించి ఆ అక్షరములను చూపెను. తుదకు వారు పదునైదు అంశములు వ్రాసికొనిరి. పదునాలుగింట సంపూర్ణముగా ఏకీభవించిరి, పదునైదవ దానిలోను చాలవఱకు ఏకీభవించిరి. మిగిలిన ఆ ఒక్క మాట వలన లూథరను, రిఫార్ముడు అను రెండు కుటుంబములు వేఱుపడి, ఐరోపాలో పెక్కుచోట్ల మఱల ప్రభుభోజనమున కలిసికొనుటకు 1973 నాటి లోయిన్‌బర్గు ఒడంబడిక వఱకు వేచియుండవలసి వచ్చెను.

సంస్కర్తలును తమకు మించి నడచినవారిని సహింపలేదు. 1525 జనవరి 21 రాత్రి జూరిచ్చులో ఫీలిక్సు మాన్జు అను యువకుని తల్లి యింట ఆతడును మఱికొందఱును కూడి, శైశవమున పొందిన బాప్తిస్మము చెల్లదని, విశ్వసించిన పిమ్మట మఱల బాప్తిస్మము పొందిరి. ఆనాడు శిశు బాప్తిస్మము మతకర్మ మాత్రమే కాదు, నగర సమాజమున చేర్పు. దానిని నిరాకరించువాడు రాజ్యమును నిరాకరించినట్లే యని పాలకులు తలచిరి. 1527 జనవరి 5న చేతులు కట్టి మాన్జును లిమ్మటు నదిలో ముంచి చంపిరి. నీటిని గూర్చిన విశ్వాసమునకు నీటినే దండనగా విధించిన ఆ క్రూరత్వమును తలచినపుడు, మంచి విషయమును చేపట్టినవారును అధికారము చేతికి రాగానే ఎట్లు మారుదురో తెలియును.

రాజు మతమే ప్రజల మతమను సూత్రము 1555 నాటి ఆగ్స్‌బర్గు సంధితో జర్మనీలో చట్టమయ్యెను. ఇంగ్లండులో 1534 నాటి శాసనము రాజునే ఆంగ్లికను సంఘమునకు శిరస్సుగా నిలిపెను. అట్టి రాజసంఘమున ఊపిరాడని వారిలో జాను స్మిత్తు ఒకడు. ఆతడు ఆంస్టర్‌డాముకు వలసపోయి 1609లో తనకు తానే బాప్తిస్మ మిచ్చుకొనెను. ఆంగ్ల బాప్తిస్టుల మూలము అచ్చట నున్నది. 1739లో బ్రిస్టలు మైదానమున బొగ్గు గనుల కూలీల నడుమ బోధించుటకు వెడలిన జాను వెస్లీ 1791లో మరణించు వఱకు ఆంగ్లికను పాదిరిగానే యుండెను. ఆతని అనుచరులు మాత్రము మెథడిస్టు సంఘమైరి. లూథరువలె వెస్లీయు శాఖను స్థాపింప తలపెట్టినవాడు కాడు.

మూడవది సముద్రము. అట్లాంటికు దాటి అమెరికాకు పోయినవారికి అచ్చట దేశమంతటికిని ఒక్కటే యైన రాజసంఘము లేదు. 1791 నాటి రాజ్యాంగ సవరణ ఏ మతమును కేంద్ర ప్రభుత్వము స్థాపింపరాదని శాసించెను. స్వేచ్ఛ కలిగినచోట శాఖలు కొమ్మలు వేసెను. అన్ని కొమ్మలును స్వేచ్ఛ వలన మొలచినవి కావు: ఫిలడెల్ఫియాలో ప్రార్థన చేయుచు మోకాళ్లపై నున్న నల్లజాతి భక్తులను వర్ణభేదము చేత లేవనెత్తినందున రిచర్డు అలెను నాయకత్వమున వారు వెలుపలికి నడచిరి, 1816లో ప్రత్యేక సంఘ మేర్పడెను. దాస్యప్రథ న్యాయమా యను ప్రశ్నపై 1844లో మెథడిస్టులు, 1845లో బాప్తిస్టులు ఉత్తర దక్షిణములుగా చీలిరి. ఈ చీలికలలో వేదాంత మెంత, పాప మెంత యని పాఠకుడే తూచుకొనవలెను.

ఆ సముద్రమే ఈ శాఖలను మన తీరమునకు తెచ్చెను. 1805లో లండను మిషనువారు విశాఖపట్టణమున, 1840లో అమెరికను బాప్తిస్టులు నెల్లూరున, 1841లో ఆంగ్లికను మిషనువారు బందరున, 1842లో లూథరను పాదిరి హైయరు గుంటూరున, 1874లో కెనడా బాప్తిస్టులు కాకినాడలో నెలకొనిరి. ఒకరి క్షేత్రమున వేఱొకరు ప్రవేశింపరాదని మిషనులు తమలో తాము సరిహద్దులు నిర్ణయించుకొనిరి. కలహమును మాన్పుటకై చేసిన ఆ ఏర్పాటు వలన తెలుగుదేశపు పటముపై ఐరోపా అమెరికా చీలికల పటము దిగెను. తెలుగు రైతుకూలీ లూథరును, జ్వింగ్లీని తూచి లూథరను కాలేదు. ఆ త్రోవను వచ్చిన దొర లూథరను గనుక తానును లూథర నయ్యెను.

దీని వలన ఆ విశ్వాసము అరువుసొమ్మని తలపరాదు. 1876-78 మహాక్షామమున ఒంగోలు బాప్తిస్టు పాదిరి క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున ఒక భాగమును గుత్తకు గైకొని ఆకలిగొన్న వారికి పని కల్పించెను. కఱవు కాలమున మాత్రము ఎవరికిని బాప్తిస్మ మీయలేదు, తిండికై వచ్చిరన్న మాట రాకూడదని. కఱవు తీఱిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి చెంత, తెలుగు బోధకులు ఇరువురిరువురు వంతులవారీగా నీటిలో నిలిచి, ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. వారిలో అత్యధికులు ఊరి వెలుపల నుంచబడిన మాదిగలు. జూరిచ్చు నదిలో ఒకని ప్రాణము తీసిన ఆ విశ్వాసమే, మూడున్నర శతాబ్దుల పిమ్మట గుండ్లకమ్మ నీటిలో, తలయెత్తి నడువరానివారని లోకము శాసించిన వారిని తలయెత్తించి ఒడ్డున నిలిపెను. శాఖలు వ్యర్థములను వారు ఈ దృశ్యమును మఱువరాదు.

ఇతరుల కలహములను మన మేల మోయవలెనను ప్రశ్నను గట్టిగా అడిగినవాడు దోర్నకల్లు బిషప్పు అజరయ్య. తిరునెల్వేలి తమిళుడై, తెలుగువారి నడుమ జీవితము ధారపోసి, 1912లో ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పయిన ఆ మహనీయుడు, క్రైస్తవ దేశములలో బలహీనత మాత్రమైన శాఖాభేదము ఈ దేశమున పాపమని ఎలుగెత్తి చాటెను. 1919లో తరంగంబాడిలో కొందఱు భారతీయ పాదిరులతో కూడి ఆతడు ఐక్యతకు పునాది వేసెను. బిషప్పుల చేతులుంచుట లేక దీక్షితులైనవారిని పాదిరులుగా అంగీకరింపవచ్చునా యను చిక్కు ఇరువది యేండ్లకు పైగా వారిని వేధించెను. తుదకు ఉన్నవారిని ఉన్నట్లే అంగీకరించి, ఇకమీద దీక్ష పొందువారికి మాత్రము బిషప్పు చేయి యుండవలెనని నిశ్చయించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసున దక్షిణ ఇండియా సంఘము వెలసెను. అజరయ్య దానిని చూడలేదు; 1945 జనవరి 1న కన్నుమూసెను. గుంటూరు లూథరనులు, ఒంగోలు బాప్తిస్టులు వెలుపలనే యుండిరి, నేటికిని ఉన్నారు.

అయినను ఐక్యత సభలలో మాత్రమే పుట్టునది కాదు. కటకమున బాప్తిస్టుల వలన దీక్ష గొనిన పురుషోత్తమ చౌదరి తెలుగున రచించిన భక్తి గీతములు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటమున చేరినవి. ఆ సంపుటము లూథరనులకు, బాప్తిస్టులకు, దక్షిణ ఇండియా సంఘము వారికి ఉమ్మడి సొత్తు. ఆదివారమున గుంటూరు గుడిలోను, మెదకు దేవాలయమునను ఆ పాటలు పాడుచున్నారు. పాడునపుడు ఆ కవి ఏ శాఖవాడని ఎవ్వరును అడుగుట లేదు.