నూనె రాస్తే ఇక అంతేనా?

మా ధరణికోట పక్కనే అమరావతి. అమరేశ్వరుడి పుణ్యమా అని 'అభిషేకం' అన్న మాట ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదే మాట క్రైస్తవుల ఇళ్ళలోనూ వినిపిస్తుంది, 'అభిషేక తైలం' అని. కతోలికులైతే 'అభ్యంగనం' అంటారు. అభిషేకం అంటే పోయడం. అభ్యంగనం అంటే ఒంటికి నూనె రాయడం, పండగ పొద్దున మనం పిల్లలకు చేసేదే.

బైబిల్లో ఈ రెండూ ఉన్నాయి. పాత నిబంధనలో యాజకుల తల మీద, రాజుల తల మీద తైలం పోసేవారు. నిర్గమకాండం 30వ అధ్యాయంలో ఆ తైలం తయారీ కొలతలతో సహా ఉంది: గోపరసం 500 తులాలు, సుగంధపు చెక్కలు, ఒలీవ నూనె. ఇంట్లో వాడకానికి అలాంటిది చేసుకోకూడదన్న కట్టడి కూడా ఉంది. 'క్రీస్తు' అన్న గ్రీకు మాటకు అర్థమే అభిషేకం పొందినవాడు అని.

కొత్త నిబంధనలో యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెప్పేది వేరు. ఎవరికైనా జబ్బు చేస్తే సంఘ పెద్దలను పిలవాలి, వాళ్ళు నూనె రాసి ప్రార్థించాలి. అంటే ఇది మళ్ళీ లేచి తిరగాలని కోరుకునే మనిషి కోసం.

మధ్యయుగాల నాటికి యూరప్‌లో ఈ నూనె మరణశయ్య దగ్గరికి చేరింది. లాటిన్‌లో దాని పేరే 'చివరి అభ్యంగనం' అయింది. తెలుగులో 'అవస్థ అభ్యంగనం' అన్నారు. పేరుతోపాటు భయమూ వచ్చింది. ఫాదర్‌గారు నూనె తెస్తున్నారంటే ఇంట్లో ఏడుపులు మొదలు. "ఇప్పుడే ఎందుకు, ఆయన బెదిరిపోతారు" అని ఇంటివాళ్ళు వాయిదా వేస్తారు. తీరా పిలిచేసరికి రోగికి స్పృహ ఉండదు. తన కోసం చేసే ప్రార్థన తనకే వినపడదు.

రెండవ వాటికన్ మహాసభ 1963లో దీన్ని సరిదిద్దింది. 'వ్యాధిగ్రస్తుల అభ్యంగనం' అన్న పేరే తగినదని, ప్రాణం పోయే వేళ కోసం ఆగనక్కర్లేదని చెప్పింది. 1972లో ఆరవ పౌలు పోపు కొత్త పద్ధతి ఇచ్చారు. నుదుటికి, చేతులకు నూనె రాస్తారు. పెద్ద ఆపరేషన్‌కు ముందు, వయసు మళ్ళి నీరసించినప్పుడు కూడా తీసుకోవచ్చు. మళ్ళీ జబ్బు చేస్తే మళ్ళీ తీసుకోవచ్చు.

అదే ఏడు ఇంకో మార్పు కూడా వచ్చింది. అంతకుముందు ఒలీవ నూనే కావాలి. అది దొరకని దేశాల్లో మొక్కల నుంచి తీసిన ఏ నూనైనా సరేనన్నారు. మన భాషలో చూడండి, తిలల నుంచి వచ్చింది తైలం, నువ్వుల నెయ్యే నూనె. మాటల్లోనే నువ్వులున్నాయి!

1940లో ఏర్పడిన గుంటూరు మేత్రాసనం కిందికే మన పల్నాడు గుళ్ళూ వస్తాయి. ఏటా పవిత్ర వారం రోజుల్లో పీఠాధిపతి ఆశీర్వదించిన తైలాలను ఫాదర్లు తమ విచారణలకు తెచ్చుకుంటారు. అందులో వ్యాధిగ్రస్తుల తైలం ఒకటి.

డాక్టర్ మందులు మానమని ఈ నూనె చెప్పదు. మందు వేళకు మందు వేయాలి. ఇంట్లో అత్తగారో, మామగారో మంచాన పడి ప్రార్థన కావాలని అడిగితే మాత్రం, వాళ్ళు కళ్ళు తెరిచి 'ఆమెన్' అనగలిగే రోజుల్లోనే పిలిపించండి.