తాలూకా పోయింది, తాలూకు ఉంది

పెళ్ళి పందిట్లో కొత్తమనిషి కనబడితే "మీరు ఎవరి తాలూకండీ?" అని అడుగుతాము. మన ఇళ్ళలో "వాళ్ళతో మాకు తఅల్లుఖ్ లేదు" అంటే సంబంధం లేదని అర్థం. రెండూ ఒకటే అరబీ మాట. రెవెన్యూ తాలూకా కూడా అదే. ఒక అధికారికి సంబంధించిన ఊళ్ళన్నీ కలిపి తాలూకా అన్నారు.

నిజాం రాజ్యంలో పూర్వం తాలూక్‌దారు అంటే శిస్తు వసూలుకు గుత్త పట్టినవాడు. ముందు సర్కారుకు సొమ్ము కట్టి, తర్వాత రైతుల దగ్గర రాబట్టుకునేవాడు. ఆ రాబట్టడంలో రైతు ఎంత నలిగాడో వేరే చెప్పాలా? 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ గుత్తలు తీసేసి జీతగాళ్ళను పెట్టాడు. 1865లో జిల్లాబందీ జరిగింది. విచిత్రమేమంటే గుత్తదారు పోయినా అతని పేరు పోలేదు. జిల్లా పెద్దనే అవ్వల్ తాలూక్‌దార్ అన్నారు. తాలూకాను చూసేవాడేమో తహసీల్దారు! 1948 తర్వాతే జిల్లా పెద్ద కలెక్టరయ్యాడు.

అరబీలో తహసీల్ అంటే రాబట్టడం, వసూలు చేయడం. కలెక్టరన్నా ఇంగ్లీషులో వసూలు చేసేవాడే. కాని నేడు మనం తహసీల్దారు దగ్గరకు పోయేది శిస్తు కట్టడానికా? పిల్లల కుల, ఆదాయ సర్టిఫికెట్లకు. ఇక జిల్లా మాటకు అరబీలో మూలార్థం పక్కటెముక. ఆ సంగతి ఎవరికి గుర్తుంది? 2014లో తెలంగాణలో 10 జిల్లాలుంటే 2019 నాటికి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్నవి 2022లో 26 అయ్యాయి.

1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు తెచ్చింది. తహసీల్దారు పోయి మండల రెవెన్యూ అధికారి వచ్చాడు. కొన్నేళ్ళకు మళ్ళీ తహసీల్దారే అయ్యాడు. జనం నాలుక మీద ఉన్న పేరు అంత తేలిగ్గా పోతుందా?

దీంతో చిక్కు కూడా ఉంది. మా దాదా కొన్న పొలం దస్తావేజులో తాలూకా పేరే ఉంది. నేను దాన్ని ఒక ఆఫీసులో చూపిస్తే, కుర్ర గుమస్తా "ఈ తాలూకా మా లిస్టులో లేదండీ" అని తిరిగిచ్చేశాడు. జిల్లా పేరూ మారిపోయె. ఊరిపేరు, సర్వే నంబరు పట్టుకుని మూడుసార్లు తిరిగితే గాని పొలం దొరకలేదు. అందుకే దస్తావేజుతోపాటు ఒక కాగితం పెట్టి, పాత తాలూకా పేరు, ఇప్పటి మండలం పేరు పక్కపక్కన రాశాను. మీ ఇళ్ళలో అలాంటి పాత కాగితాలుంటే, పెద్దవాళ్ళుండగానే అడిగి రాసిపెట్టుకోండి.