సగము వాట్లు సగము శబ్దము కాదు

ఒకప్పుడు మన ఇండ్లలో రేడియో మీట త్రిప్పిన వెంటనే పాట వినవచ్చెడిది కాదు. లోపలి వాల్వులు వేడెక్కువరకు ఓపిక పట్టవలసి వచ్చెడిది. ఐరోపాలో తయారైన అనేక గృహ రేడియోలలో స్పీకరును పలికించినది ఇ.ఎల్. 84 అను వాల్వు. అది ఒక్కటి ఇచ్చు శక్తి సుమారు 5 వాట్లు. ఇంటిల్లిపాదికి అది చాలినది. అట్టి వాల్వులనే నాలుగింటిని కూర్చి, 1960 ప్రాంతమున ఇంగ్లండులో వాక్స్ సంస్థవారు 30 వాట్ల గిటారు యాంప్లిఫయరును చేసినారు.

అంతటితో ఆగలేదు. లండనులోని హాన్‌వెల్‌లో వాద్యముల దుకాణము నడపుచుండిన జిమ్ మార్షల్, అమెరికాలోని ఫెండర్ సంస్థవారి బాస్‌మన్‌ను ఒరవడిగా గైకొని 1962లో తన యాంప్లిఫయరును వెలువరించినాడు. మూడేండ్లు గడచునప్పటికి, ‘ద హూ’ బృందమువారు కోరగా, 100 వాట్లది సిద్ధమైనది. జనము కేకలను మించి గిటారు వినబడవలెననిన, ఆనాటి సభామందిరములలో వాద్యకారునికి తన యాంప్లిఫయరే దిక్కు.

ధ్వని జీరపోవుట మా ఉద్యోగములో దోషము. మీటరు ముల్లు ఎర్రగీత దాటకుండ కాచుట మాకు నిత్యకృత్యము. గిటారు వాద్యకారులకు ఆ దోషమే గుణమైనది. వాల్వును దాని శక్తికి మించి పలికించినపుడు ధ్వనితరంగముల కొసలు అణగి, మూలస్వరమునకు గుణిజములైన క్రొత్త స్వరములు పుట్టును. 1966లో లండనులోని డెక్కా స్టూడియోలో జాన్ మేయాల్ బృందముతో రికార్డు చేయునపుడు ఎరిక్ క్లాప్టన్ ఈ నాదము కొరకే శబ్దమును తగ్గించుటకు సమ్మతింపలేదు.

ఇక్కడనే చిక్కు వచ్చినది. పూర్తిశక్తితో పలికిననే ఆ నాదము. ఆ శక్తిని చిన్నగది ఓర్వదు, చెవియు ఓర్వదు. నాలుగు వాల్వులలో రెండు తీసివేయుట మొదట తోచిన ఉపాయము. అపుడు స్పీకరు అమరికను కూడ మార్చవలెను. 8 ఓముల స్పీకరును 4 ఓముల కొనకు కలుపవలెను. అయినను 100 వాట్లు 50 అయినచో తగ్గునది 3 డెసిబెల్లు మాత్రమే. చెవికి సగమైనట్లు తోచవలెననిన 10 డెసిబెల్లు తగ్గవలెను. అనగా 100 వాట్లు 10కి దిగవలెను. చెవి లెక్క వేరు, వాట్ల లెక్క వేరు.

1970లలో ‘మాస్టర్ వాల్యూమ్’ వ్యాప్తికి వచ్చినది. దానితో ముందు వాల్వులే జీరపలుకును. చివరి పెద్ద వాల్వులు విశ్రాంతిగా నుండును. కాని ఆ నాదము వేరని వాద్యకారులు పెదవి విరిచినారు. ఎడ్డీ వాన్ హేలెన్ విద్యుత్తు వోల్టేజినే సుమారు 90 వోల్టులకు దించి వాయించినాడు. ఇంజనీరును వాద్యకారుడును అయిన టామ్ షోల్జ్ 1980 ప్రాంతమున ‘పవర్ సోక్’ అను పెట్టెను తెచ్చినాడు. యాంప్లిఫయరుకును స్పీకరుకును నడుమ నిలిచి, అది మిగులు శక్తిని వేడిగా మార్చివేయును.

ఈ పనులు అనుభవజ్ఞులకే తగును. మీట ఆర్పిన పిదపను కండెన్సర్లలో ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచియుండును. స్పీకరు తగిలింపక వాయించినచో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును.

ఇన్ని ఉపాయములకును ఒక హద్దు కలదు. శబ్దము తగ్గినకొలది మంద్రస్వరములు చెవికి మరింత తక్కువగా సోకునని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే చూపినారు. కావున యంత్రమును ఎంత నేర్పుగా అణచినను, నెమ్మదిగా వినిన నాదము బిగ్గరగా వినిన నాదము కాజాలదు.

మరి మార్గమేమి? శబ్దమునకు వెనుదీయని ఆ క్లాప్టనే 1970లో మయామీ స్టూడియోలో ఫెండర్ చాంప్ అను చిన్న యాంప్లిఫయరును వాడినాడు. దాని శక్తి సుమారు 5 వాట్లు. పెద్దదానిని అణచుటకన్న, చిన్నదానిని నిండుగా పలికించుట మేలైనది. నూరు వాట్ల వరకు ఎగబ్రాకిన గిటారు, తుదకు మన ముంగిటి రేడియో కొలతకే దిగివచ్చినది.