బోరుకూ పిస్టన్‌కూ నడుమ

మౌలాలిలో రైల్వే వాళ్ల డీజిల్ షెడ్డు ఉంది, చుట్టుపక్కల వీధుల్లో బైకు మెకానిక్కులున్నారు. ఇద్దరికీ పేచీ ఒకదానితోనే: సిలిండర్ గోడకూ పిస్టన్‌కూ మధ్య ఉండే సందుతో. అది చాలకపోతే వేడికి పిస్టన్ ఉబ్బి పట్టేస్తుంది. ఎక్కువైతే ప్రెషర్ కిందికి జారిపోతుంది, ఆయిల్ పైకెక్కి సైలెన్సర్ పొగ కొడుతుంది.

1712లో థామస్ న్యూకామెన్ ఆవిరి యంత్రం కట్టినప్పుడు పిస్టన్‌కు తోలు బిగించి, పైన నీళ్లు నిలగట్టాడు. మోటు పనే అయినా గనుల్లో నీళ్లు తోడింది. జేమ్స్ వాట్‌కు అది చాల్లేదు. 1769లో తన యంత్రానికి పేటెంటైతే వచ్చింది గానీ, సరిగ్గా గుండ్రంగా ఉన్న సిలిండర్ చేసిచ్చే మనిషి దొరకలేదు. ఫిరంగులు తొలిచే జాన్ విల్కిన్సన్ 1775లో ఆ చిక్కు విప్పాడు. ఒక కొసనే ఆన్చితే తొలిచే కడ్డీ వంగుతుంది కదా. ఆయన దాన్ని సిలిండర్‌లోంచి దూర్చి రెండు చివర్లా ఆన్చాడు. 50 అంగుళాల సిలిండర్‌లో పాత షిల్లింగు బిళ్ల మందమంత తేడా కూడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ మురిసిపోయాడు. ఇవాళ బుల్లెట్ బ్లాకు రీబోర్‌కిస్తే అంత తేడా వచ్చిందనుకోండి, లేత్ షాపు ముందు కొట్లాటే!

బోరు కుదిరినా సందు మిగిలింది. అందులో జనపనార కుక్కేవారు. అసలు మలుపు రైలింజన్ల దగ్గరే వచ్చింది. 1852లో మాంచెస్టర్ రైల్వే ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్ ఒకచోట తెగిన లోహపు రింగుకు పేటెంటు తీసుకున్నాడు. విడిగా ఉంటే అది బోరు కంటే కాస్త పెద్దది. నొక్కి లోపల పెడితే, విచ్చుకోబోయి గోడను ఒత్తుకునే ఉంటుంది. 1885లో డైమ్లర్, మేబాక్ 264 సీసీల రెండు చక్రాల బండి చేసేనాటికే రింగుకు ముప్పై ఏళ్లు దాటాయి. మన మెకానిక్కు పొట్లం విప్పి తీసే రింగులు రైలు పట్టాల మీంచి వచ్చినవే.

ఎక్కించే తీరు మాత్రం రైలింజన్‌కూ బైకుకూ వేరు. మౌలాలి షెడ్డు ఏళ్ల తరబడి సాకిన ఆల్కో కంపెనీ వంశపు డీజిల్ ఇంజన్లో 9 అంగుళాల బోర్లు పదహారు. లైనర్‌లోకి పిస్టన్‌ను పైనుంచి దించుతారు. 70 మిల్లీమీటర్ల బోరున్న పాత బుల్లెట్‌లో పిస్టన్ కనెక్టింగ్ రాడ్డు మీద కదలకుండా ఉంటుంది, బ్లాకే పైనుంచి దిగుతుంది. పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను లాకు జారి లోపల పడకుండా క్రాంక్‌కేసు మూతిలో గుడ్డ కుక్కుతారు. రింగుల గాట్లు ఒకే వరసలో పడకుండా తిప్పి, వేళ్లతో నొక్కిపట్టి బ్లాకును మెల్లగా దించుతారు. అంతకుముందే రింగును ఖాళీ బోరులో పెట్టి గాటు దగ్గర గ్యాప్ చూడాలి: మిల్లీమీటరులో మూడో వంతుకు అటూఇటూ. దీన్ని ఎగ్గొట్టేవాళ్లూ ఉన్నారు.

పాత జావా, యెజ్డీల్లో గాట్లను ఇష్టమొచ్చినట్టు తిప్పడం కుదరదు. టూ స్ట్రోక్ బోరు గోడలో గాలి దారుల రంధ్రాలుంటాయి. రింగు కొస వాటిలో తగులుకోకుండా పిస్టన్ గాడిలో చిన్న మేకు పెట్టారు. గాటు సరిగ్గా దాని మీద కూర్చోకముందే బ్లాకు దించితే రింగు విరుగుతుంది.