వాతావరణ వైపరీత్యాలు – వైద్యవృత్తి నియంత్రణ: రాయలసీమ అనుభవం

1. ఉపోద్ఘాతం

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె అనగానే మనకు యురేనియం గని గుర్తుకు వస్తుంది. కాని గని కంటే ఎంతో ముందు నుంచీ ఈ ప్రాంతాన్ని వేధిస్తున్నవి కరువు, ఎండ. వాతావరణం ప్రజల ప్రాణాల మీదికి వచ్చినప్పుడు వైద్యుని బాధ్యత ఏమిటి? దానిని ఎవరు నిర్ణయించాలి? చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

2. ధాత కరువు (1876–78)

1876లో వర్షాలు విఫలమయ్యాయి. మద్రాసు రాజధానిలో కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ధాత నామ సంవత్సరంలో మొదలైనందున దీనిని ధాత కరువు అన్నారు. ఖర్చు తగ్గించడానికి 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునన్నాడు. శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీనిని వ్యతిరేకించాడు. కష్టపడి పనిచేసే మనిషి ఆ తిండితో బతకలేడని వాదించాడు. చివరకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది.

3. నియంత్రణ చట్టాలు

1914 మద్రాసు చట్టంతో వైద్యుల నమోదు మొదలైంది. 1956 చట్టం కింద పనిచేసిన భారత వైద్య మండలి స్థానంలో 2020లో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. 2002 నాటి వృత్తి నియమావళి అంటువ్యాధులను అధికారులకు తెలియజేయడం వైద్యుని విధి అంటుంది. తప్పుడు ధ్రువపత్రం ఇస్తే శిక్ష ఉంటుంది.

4. వడదెబ్బ మరణాలు

2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో అధికారిక లెక్కల ప్రకారమే వెయ్యి మందికి పైగా వడదెబ్బతో మరణించారు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చివరి జబ్బులో చికిత్స చేసిన వైద్యుడు మరణ కారణాన్ని ధ్రువీకరించాలి. కాని చేనిలోనే కూలిపోయిన కూలీని చూసిన వైద్యుడెవరు? శవపరీక్షలోనూ వడదెబ్బకు ప్రత్యేక గుర్తు దొరకడం కష్టం. శరీర ఉష్ణోగ్రత, పడిపోయిన చోటు, పని వేళలు నమోదైతేనే కారణం తెలుస్తుంది. నమోదు కాని మరణం లెక్కలోకి రాదు. ఆ కుటుంబానికి సహాయమూ అందదు.

5. సారాంశం

నియంత్రణ సంస్థ ఎండను తగ్గించలేదు. వైద్యుడు ఏమి చదవాలో, ఏమి నమోదు చేయాలో, ఎప్పుడు హెచ్చరించాలో మాత్రం నిర్దేశించగలదు. కార్నిష్ చూపినది ఒక వ్యక్తి ధైర్యం. నియమావళిలో చేరితే అదే వృత్తిధర్మం అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: అంటువ్యాధుల మాదిరిగా వడదెబ్బ కేసులను కూడా తెలియజేయడం వైద్యుని విధి కావాలా? చర్చించండి.