విశ్రాంతితో నిలిచిన ఆట: టిమ్ డంకన్

అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్.బి.ఏ.లో ఒక్కొక్క జట్టు సాధారణంగా ఏటా 82 లీగ్ పోటీలు ఆడుతుంది. ఎగిరి దిగిన ప్రతిసారీ మోకాళ్ళపై భారం పడుతుంది. వయసు పైబడినకొద్దీ దేహం కోలుకొనడానికి పట్టే వ్యవధి పెరుగుతుంది.

శాన్ ఆంటోనియో స్పర్స్ క్రీడాకారుడు టిమ్ డంకన్ (జననం 1976) జీవితం ఇందుకు నిదర్శనం. 2001-02లో పోటీకి సగటున 40 నిమిషాలకు పైగా ఆడిన ఆయనను శిక్షకుడు గ్రెగ్ పొపోవిచ్ 2010-11 నాటికి సుమారు 28 నిమిషాలకు పరిమితం చేశారు. వరుస దినాలలో పోటీలున్నప్పుడు ఒక్కొక్కసారి పూర్తి విశ్రాంతినిచ్చేవారు. 2012 మార్చిలో ఒక పోటీ పట్టికలో, ఆయన ఆడకపోవడానికి కారణం ‘వృద్ధుడు’ అని నమోదయింది. మోకాళ్ళకు ఊరట కలిగేలా డంకన్ తన బరువునూ తగ్గించుకొన్నారు.

ఈ పద్ధతి వివాదరహితం కాదు. 2012 నవంబరులో మయామీతో పోటీకి ముందు డంకన్ సహా నలుగురిని ఇంటికి పంపినందుకు లీగ్ ఆ జట్టుకు 2,50,000 డాలర్ల జరిమానా విధించింది. టిక్కెట్టు కొన్న ప్రేక్షకునికి అన్యాయం జరిగిందన్నది లీగ్ వాదన.

అయినను 2014లో స్పర్స్ విజేతగా నిలిచింది. ఆ సీజనులో ఆ జట్టులో ఎవరి సగటూ 30 నిమిషాలకు చేరలేదు. అప్పటికి డంకన్‌కు 38 ఏళ్ళు. 19 సీజన్లు ఆడి, నలభై ఏళ్ళు నిండిన పిమ్మట 2016లో ఆయన విరమించారు.