చెంచా మీది పొడి అక్షరాలు ఎవరివి?

ఇంగ్లండ్ పొలాల్లో మెటల్ డిటెక్టర్ కూసిన చోట తవ్వితే పాత వెండి చెంచాలు, విరిగిన కాడలు బయటపడుతుంటాయి. మట్టి కడగ్గానే అందరి చూపూ కాడ మీది ముద్రల మీదికే పోతుంది. సింహం కనబడితే వెండి అసలుదేనని ధీమా. పక్కన రెండు పొడి అక్షరాలు దొరికితే పట్టికలో పేరు వెతికి, ఫలానావాడు చేసిన చెంచా అని రాసేస్తారు. నా పేచీ ఆ చివరి మాటతోనే. ఆ అక్షరాలు చెంచాను సాగగొట్టిన చేతిని కాదు, అందులోని వెండికి పూచీపడ్డ మనిషిని చూపిస్తాయి.

ముద్రలు ఎందుకు పుట్టాయో చూస్తే ఇది తేటపడుతుంది. వెయ్యికి 925 పాళ్ల వెండి ఉంటేనే చిరుత తల ముద్ర వేయాలని 1300లో మొదటి ఎడ్వర్డ్ కాలపు చట్టం శాసించింది. పనివాడు తన సొంత గుర్తు కూడా కొట్టాలని 1363లో చేర్చారు. 1478 నుంచి లండన్‌లో వెండిని పరీక్షించి ముద్ర వేసే గోల్డ్‌స్మిత్స్ హాల్‌లో ఏడాదిని సూచించే అక్షరం ఏటా మారేది. కల్తీ బయటపడితే ఆ ఏడు పరీక్షించినదెవరో పట్టుకోవడానికే ఈ ఏర్పాటు. అంటే ఈ వరస మొత్తం దొంగను పట్టడానికి పెట్టిందే, కళాకారుడి సంతకంగా కాదు. పనివాళ్ల పొడి అక్షరాలు కూడా చట్టం చెప్పినట్టే మారాయి. 1697లో ఇంటిపేరులోని మొదటి రెండక్షరాలు కొట్టమన్నారు, 1739లో పేరుకీ ఇంటిపేరుకీ పొడి అక్షరాలతో కొత్త అచ్చులు చేయించుకోమన్నారు. అందుకే ఒకే మనిషికి రెండు మూడు రకాల ముద్రలు కనిపిస్తాయి. హెస్టర్ బేట్‌మన్ అనే వితంతువు 1761లో తన ముద్ర నమోదు చేసుకుంది. ఆ ముద్రతో ఇప్పటికీ బోలెడన్ని వస్తువులున్నాయి. అవన్నీ ఆమె ఒక్కతే కొట్టినవి కావు, కొడుకులూ పనివాళ్లూ ఉన్న కార్ఖానా సరుకు. ఒకరి ముద్ర మీద మరొకరు, తరచుగా అమ్మకందారు, తన అచ్చు కొట్టిన వస్తువులు కూడా ఉన్నాయి. ఇక అక్కడ చేసింది ఎవరని చెబుతాం?

చిన్న చెంచాల దుకాణంలో యజమానే సుత్తి పట్టేవాడు కదా అనవచ్చు. నిజమే, చాలా చోట్ల అలాగే జరిగి ఉంటుంది. కానీ అది ముద్ర చెప్పే సంగతి కాదు, వేరే కాగితాలు చెప్పాలి. ఆ కాగితాలకే చిల్లులున్నాయి. 1681లో హాల్ తగలబడి పాత నమోదులు పోయాయి. 1773కు ముందు పదిహేనేళ్ల పెద్ద వస్తువుల పనివాళ్ల పుస్తకం ఇప్పుడు కనబడదు. పైగా సుమారు 1780 దాకా ముద్రలను కాడ అడుగున, గిన్నెకు దగ్గరగా కొట్టేవారు. ఆ తరువాత కాడను మళ్లీ సాగదీసి సరిచేసేసరికి అక్షరాలు నలిగి సన్నబడేవి. దానికి నేలలో అరుగుదల తోడైతే ‘ఐ’ అక్షరమో ‘టి’ అక్షరమో తేలదు. అలాంటి చోట పేరు రాయడం ఊహే. ఊరు, ఏడాది మాత్రం గట్టిగా దొరుకుతాయి. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, 1773 తరువాతిది. రాజు తల ఉంటే 1784–1890 మధ్య పన్ను కట్టిన సరుకు.

1840లో విద్యుత్తుతో వెండిపూత వేసే పద్ధతికి ఎల్కింగ్టన్ సంస్థ తీసుకున్న పేటెంట్ తరువాత వచ్చిన పూత సరుకు కథే వేరు. గళ్లలో వరసగా పేర్చిన ‘ఈ, పి, ఎన్, ఎస్’ (ఎలక్ట్రో ప్లేటెడ్ నికెల్ సిల్వర్) దూరానికి హాల్‌మార్కులా కనిపించి చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. ఆ పూత కింది ‘నికెల్ సిల్వర్’లో వెండి రవ్వంత కూడా లేదు. అది రాగి, నికెల్, జింకుల కలయిక. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ పేరు పడ్డ వెండి సామాను మీద కూడా ఉన్నది అంగడి పేరే. వాటి మీద దేవతా బొమ్మలు చెక్కిన మన పనివాళ్ల పేర్లు ఆ ముద్రలో లేవు.

1973 నాటి బ్రిటిష్ హాల్‌మార్కింగ్ చట్టం కూడా ఈ అక్షరాలను పూచీదారు ముద్రగానే లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి దొరికిన చెంచా వివరాలు రాసేవారు ‘చేసినవారు’ అన్న గడి కొట్టేసి ‘ముద్ర నమోదు చేసుకున్నవారు’ అని రాసుకోవడం మేలు. అక్కడి ట్రెజర్ యాక్ట్ (1996) ప్రకారం పొలంలో దొరికిన వెండి వస్తువు మూడు వందల ఏళ్లు దాటి, కనీసం పదో వంతు వెండి ఉంటే 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి తెలపాలి. దానికి కావలసింది వయసు, లోహం. పేరు కాదు.